ఆటస్థలమున మన ఆడబిడ్డలు
(మన సంఘపు నెలసరి కూటమిలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మాకు ఒప్పగించిన విషయము ఒక ఆటను గూర్చినది. మన కూటములలో సాధారణముగా భాషను గూర్చియో, పండుగలను గూర్చియో, పిల్లల చదువులను గూర్చియో మాటలాడుకొందుము. ఆటను గూర్చి ప్రసంగమేమని పెద్దలు కొందరు నవ్వవచ్చును. అందును హాకీకి పేరుపడిన కోవిల్‌పట్టిలో నిలిచి బాస్కెట్‌బాల్‌ను గూర్చి, అందును ఆడపిల్లల జట్టును గూర్చి చెప్పుట వింతగనే తోచును. అయినను కొంచెము ఓపికతో వినవలెనని వేడుచున్నాము. దూరదేశమున మొదలగు ఈ కథ తుదకు మన యింటి గడపకే వచ్చి నిలుచును.

బాస్కెట్‌బాల్ పుట్టి నూటముప్పది యేండ్లు దాటినవి. 1891 డిసెంబరు నెలలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున విద్యార్థులు గదిలోపల ఆడుకొనుటకు ఒక ఆటను కల్పించెను. గోడకు ఎత్తున రెండు పండ్లబుట్టలు కట్టించి, పదమూడు నియమములు వ్రాసి యిచ్చెను. మరుసటి యేడే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని స్మిత్ కళాశాల యువతులకు దానిని నేర్పినది. ఆడపిల్లలు అలసిపోవుదురని నాటివారి భయము. కావున ఆమె ఆటస్థలమును మూడు భాగములు చేసి, ఎవరి భాగమున వారే నిలువవలెనని నియమించినది. 1893 మార్చిలో అచట జరిగిన మొదటి పందెమునకు మగవారిని లోనికి రానీయలేదు.

ఇక మేము చెప్పదలచిన విశ్వవిద్యాలయము కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్. లీలాండ్ స్టాన్‌ఫర్డ్, జేన్ అను దంపతులకు ఒక్కడే కుమారుడు. ఆ బాలుడు 1884లో టైఫాయిడ్ జ్వరముతో మరణింపగా, అతని జ్ఞాపకార్థము వారు విద్యాలయము కట్టించిరి. 1891లో తలుపులు తెరచిన నాటినుండియు అందు యువతులకును ప్రవేశము కలదు. 1896 ఏప్రిల్ 4వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్టాన్‌ఫర్డ్ యువతులును, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు యువతులును తలపడిరి. రెండు విశ్వవిద్యాలయముల స్త్రీల జట్లు పోటీపడుట అదియే ప్రథమము. ఒక్కొక్క వైపున తొమ్మండుగురు ఆడిరి. చూచుటకు వచ్చిన వందలకొలది జనమును స్త్రీలే. వార్త వ్రాయుటకు పత్రికలవారు స్త్రీ విలేఖరులను పంపిరి. ఆట ముగియునప్పటికి స్టాన్‌ఫర్డ్‌కు 2, కాలిఫోర్నియాకు 1. పూర్తి ఆటలో వచ్చినవి మూడే పాయింట్లు! ఒక్క పాయింటు తేడాతో స్టాన్‌ఫర్డ్ గెలిచినది.

గెలిచిన జట్టు వర్ధిల్లవలెను గదా! అటుల జరుగలేదు. 1899లో ఆ విశ్వవిద్యాలయపు అధ్యాపకుల సంఘము, యువతులు బయటి జట్లతో పోటీలాడరాదని నిషేధించినది. ఆరోగ్యమునకు మంచిది కాదనియు, పత్రికలలో పేర్లు పడుట మర్యాద కాదనియు కారణములు చెప్పిరి. ఆ యేటనే జేన్ స్టాన్‌ఫర్డ్ అమ్మగారు తమ విద్యాలయమున యువతుల సంఖ్య 500కు మించరాదని కట్టడి చేసిరి. నిషేధించినవారు శత్రువులు కారు. పిల్లల మేలు కోరిన పెద్దలే. ఈ మాటను మనము గుర్తుంచుకొనవలెను.

పెద్దల ఒక్క తీర్మానమునకు పట్టిన కాలమెంత? డెబ్బదియైదేండ్లు. అవ్వ ఆడెను, తల్లి ఆడలేదు, కూతురు ఆడలేదు. అవ్వ ఆడినదన్న సంగతియే మనుమరాలికి తెలియదు. 1972లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసినది. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీ యను కారణముచే ఎవరిని గాని దేనినుండియు తొలగింపరాదని దాని భావము. అటుపిమ్మటనే, 1970వ దశకపు నడుమ, స్టాన్‌ఫర్డ్ యువతుల జట్టు మరల నిలిచినది. 1985లో టారా వాన్‌డెర్‌వీర్ అను శిక్షకురాలు వచ్చినది. ఆమె మొదటి యేట గెలుపులు 13, ఓటములు 15. ఐదవ యేట, 1990లో, ఆ జట్టు దేశమునకెల్ల ప్రథమస్థానము పొందినది. 1992లో మరల పొందినది.

2021లో కరోనా వ్యాధి కారణముగా ఆ జట్టునకు సొంత ఊర ఆడుటకే అనుమతి లేక, అనేక వారములు పరాయి ఊళ్లలో, హోటళ్లలో కాలము గడపవలసివచ్చినది. అట్టి యేట తుది పందెమున 54–53తో, ఒక్క పాయింటు తేడాతో, అరిజోనా జట్టును గెలిచినది. ఆ దినము ఏప్రిల్ 4వ తేదీ! 1896 నాటి మొదటి పందెమునకు సరిగా నూటయిరువదియైదేండ్లు. 2024లో విరమించునాటికి ఆ శిక్షకురాలి గెలుపులు 1216.

సోదరులారా, ఈ కథ విన్నపుడు మాకు మన భాష జ్ఞాపకము వచ్చినది. మన పూర్వులు ఈ నల్లరేగడి సీమకు వచ్చి తరములు గడచినవి. తాతగారి చేతివ్రాతను మనుమడు చదువలేని ఇండ్లు మనలో ఎన్ని లేవు? ఎవరును వచ్చి మన పలకలు పగులగొట్టలేదు. 'ఇప్పుడెందుకులే' అని పెద్దలన్న ఒక్క మాట చాలినది. తెగుటకు ఒక్క తరము చాలును. అతుకుటకు మూడు తరములు పట్టును.

మన దేశమునకు వత్తము. 1920లో హెచ్.సి.బక్ గారు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించిరి. వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చి పాఠశాలలకు పంపిన సంస్థలలో అది మొదటిది. నేడు మన రాష్ట్రపు క్రీడాకారిణి అనితా పాల్‌దురై పేరు దేశమెరుగును. 2001 మొదలు 2017 వరకు తొమ్మిది ఆసియా పోటీలలో భారతదేశము పక్షమున ఆడినది. తల్లియైన పిదపను ఆట మానలేదు. 2021లో పద్మశ్రీ పురస్కారము పొందినది.

ఇక మన రెండు ఊళ్లు. విరుదునగరమున వన్నియపెరుమాళ్ మహిళా కళాశాల 1962 నుండి కలదు. ఆ ఊరి కళాశాలలు మధురై కామరాజ్ విశ్వవిద్యాలయమునకు చెందును. విరుదునగరమున పుట్టి, ముఖ్యమంత్రియై, పేదబిడ్డలకు బడి తలుపులు తెరచిన కామరాజ్ గారి పేరే దానికి పెట్టిరి. కోవిల్‌పట్టి కళాశాలలు 1990లో ఏర్పడిన మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయమునకు చెందును. నడుమ దూరము సుమారు 50 కిలోమీటర్లే. అక్క విరుదునగరమునను చెల్లెలు కోవిల్‌పట్టిలోను చదివినచో, దక్షిణ మండల పోటీలలో ఒకరికొకరు ఎదురుగా నిలువవచ్చును! కళాశాలల నడుమ పోటీలు జరిపి, బాగుగ ఆడువారిని ఏరి, శిక్షణ యిచ్చి విశ్వవిద్యాలయపు జట్టును కూర్చుదురు. అందు చోటు దొరకుట చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మా తప్పును మేమే చెప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట మా కుమార్తెకు అట్టి పిలుపు వచ్చినది. కళాశాల ముద్రతో ఉత్తరము వచ్చినది. పోటీలు పొరుగు రాష్ట్రమున. రైలులో ఒక రాత్రి, అచట నాలుగు రాత్రులు. మేము ఉత్తరము మడిచి, "వద్దమ్మా" అంటిమి. "సరే నాయనా" అని ఆమె లోనికి పోయినది. ఏడువలేదు, వాదింపలేదు. కొన్నేండ్ల తరువాత పొంగలి పండుగకు వెల్ల వేయునపుడు అటకమీద ఆమె ఆట చెప్పులు కనబడినవి. అడుగులు ఎండి పగిలియుండెను. నాడు ఆమెకు పెండ్లియై బిడ్డయు కలదు. చూపగా నవ్వి, "ఆట పోయినందుకు కాదు నాయనా, నన్నొక మాట అడుగలేదు గదా" అన్నది. స్టాన్‌ఫర్డ్ అధ్యాపకుల సంఘమున మేమును ఒక సభ్యులమే యని ఈ కథ చదివినపుడు తెలిసినది.

పెద్దల భయములు అన్నియు వట్టివి అనుట లేదు. మోకాలు బెణుకుట నిజము. రాత్రి ప్రయాణము నిజము. చదువునకు కొన్ని దినములు లోటు కలుగుట నిజము. వీనికి ఉపాయము వెదకవలెను గాని తలుపు మూయరాదు. జట్టుతో స్త్రీ నిర్వాహకురాలు వచ్చుచున్నదా, బస యెచట, గాయపడినచో చూచువారెవరు అని అడుగుడు. అది తలిదండ్రుల హక్కు. మన కుటుంబములలోని ఒక తల్లి వంతుపెట్టుకొని పిల్లలకు తోడుగా పోవచ్చును. తప్పిన పాఠములు చెప్పుటకు మనలో ఉపాధ్యాయులు లేకపోలేదు. అన్నిటికంటె ముందు, ఉత్తరము మడువకమునుపు ఆ బిడ్డను కూర్చుండబెట్టి, "నీకేమి తోచుచున్నదమ్మా?" అని ఒక్క మాట అడుగుడు.

మా మనుమరాలు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. ప్రతి ఉదయము బంతి పట్టుకొని బడి మైదానమునకు పోవుచున్నది. ఆమె వెనుక నీళ్లసీసా పట్టుకొని పోవుచున్న ముసలివారము మేమే.