విద్యార్థులు – ఓటుహక్కు

(జ్యోతినగరమున విద్యార్థుల సభయందు చేసిన ప్రసంగము)



విద్యార్థులు ఓటువేయుటకు ఏల రారను ప్రశ్నకు సమాధానము చెప్పుమని ఈ సభవారు మమ్ము కోరిరి. ఉదాసీనతయే కారణమని పెద్దలనేకులు తీర్పు చెప్పుచున్నారు. మేమును కొంతకాలము అట్లే తలచియుంటిమి. కాని న్యాయస్థానమున సాక్ష్యము వినిన పిదపనే తీర్పు చెప్పుట ఆచారము. ఈ విషయమున సాక్ష్యము వినిన పిదప మా యభిప్రాయము మారినది.

మొదటి సాక్ష్యమును మన బొగ్గుగనులే యిచ్చుచున్నవి. సింగరేణిలో గుర్తింపు సంఘమును రహస్య ఓటుతో ఎన్నుకొను పద్ధతి 1998 నుండి నడచుచున్నది. 2023 డిసెంబరు 27వ తేదీన జరిగిన ఎన్నికలో సుమారు 39 వేలమంది ఓటర్లుండగా నూటికి తొంబదిమందికి మించి ఓటువేసిరి. అదే సంవత్సరము నవంబరు 30వ తేదీన జరిగిన శాసనసభ ఎన్నికలలో రాష్ట్రమంతట నూటికి సుమారు 71 మంది మాత్రమే ఓటువేసిరి. గనికార్మికుని పేరు కంపెనీ పట్టికలో నుండును, దానిని వెదకనక్కరలేదు. అతని కుమారుని సంగతి యేమి? తల్లిదండ్రులు గోదావరిఖనిలో, చదువు హైదరాబాదులో, ఆధారుకార్డుపై పాత క్వార్టరు సంఖ్య! తండ్రికిగల శ్రద్ధ కుమారునికి లేదనుటకు ముందు, తండ్రికిగల సౌకర్యము కుమారునికి కలదా యని మనము విచారింపవలదా?

మన ప్రాంతమున మరియొక చిక్కు గలదు. జ్యోతినగరమున గాని, గనికాలనీలలో గాని, పెక్కు కుటుంబములు కంపెనీ క్వార్టర్లలో నివసించుచున్నవి. ఆ యిల్లు ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవును. తండ్రికి బదిలీ యైనను, పదవీవిరమణ యైనను, క్వార్టరు ఖాళీచేయవలసినదే. తరచుగా బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండు కాలమును, బిడ్డ హాస్టలు చేరు కాలమును, ఇల్లు మారు కాలమును ఒక్కటే యగుచున్నది.

మా యనుభవమొకటి మనవిచేయుదుము. 2023 నవంబరు 30వ తేదీన మేమొక పోలింగు కేంద్రమునకు దూరముగా నిలిచి, వృద్ధులకు దారిచూపు సేవలో నుంటిమి. రాత్రి రైలున సికింద్రాబాదునుండి వచ్చి, రామగుండము స్టేషనులో దిగి, ఉదయముననే వరుసలో నిలిచిన యొక యువతి అరగంటకు కన్నీటితో వెలుపలికి వచ్చెను. చేత ఎన్నికల గుర్తింపుకార్డున్నది. జాబితాలో పేరు లేదు. ఆమె తండ్రి అంతకు ముందటి యేడు గనిలో పదవీవిరమణ చేసి, క్వార్టరు విడిచి, మరియొక వాడలో అద్దెయింట చేరెను. పాత చిరునామాలో ఆ కుటుంబము లేదని పేర్లు తీసివేయబడెను. "కార్డున్నది గద సార్, ఓటెందుకు లేదు?" అని ఆమె మమ్మడిగెను. కార్డు మనిషిని గుర్తించుటకే గాని, ఓటునిచ్చునది జాబితాయే యని చెప్పితిమి. ఆ మాట సత్యమే. ఆ దినమున దానివలన ఆమెకు కలిగిన ప్రయోజనము శూన్యము. మరునాడు పరీక్ష యుండుటచే మధ్యాహ్నపు రైలుకే ఆమె తిరిగిపోయెను.

ఆ కుటుంబము మేమెరిగినదే. తండ్రి విరమణ సభకు మేమును పోయి పూలమాల వేసితిమి. క్వార్టరు విడుచునపుడు చిరునామా మార్పునకు ఫారము 8 నింపుడని ఒక్కమాటయైన చెప్పలేదు. చట్టము చదివిన మాకే ఆ సమయమున ఆ మాట తోచకపోయినపుడు, పదునెనిమిదేండ్ల బాలిక నేమనగలము? ఆ దోషము మాది.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో వినుడు. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము 19వ సెక్షను ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండి, నియోజకవర్గమున సాధారణ నివాసియైన పౌరుడు జాబితాలో చేరుటకు అర్హుడు. తాత్కాలికముగా ఊరు విడిచినంతమాత్రమున సాధారణ నివాసము పోదని 20వ సెక్షను చెప్పుచున్నది. నివాసము మారినదను కారణమున పేరు తీసివేయుటకు ముందు సంబంధించిన వ్యక్తికి తన మాట చెప్పుకొను అవకాశమీయవలెనని 22వ సెక్షను శాసించుచున్నది. అధికారి తీర్పుపై అప్పీలు చేసికొనుటకు 24వ సెక్షను గలదు. చట్టము మీ పక్షముననే యున్నది. దాని నెరిగినవారు తక్కువ.

హాస్టలులో నుండి చదువుకొను విద్యార్థికి ఎన్నికల సంఘము రెండు మార్గముల నిచ్చినది. తల్లిదండ్రుల యింట ఓటుంచుకొనవచ్చును. లేదా గుర్తింపుగల విద్యాసంస్థలో ఏడాదికి తక్కువగాని చదువు చదువుచున్నయెడల, ప్రిన్సిపాలు ధ్రువపత్రముతో హాస్టలు చిరునామాపైనే నమోదు కావచ్చును. రెండుచోట్ల మాత్రము కూడదు, అది చట్టవిరుద్ధము. అసత్య ప్రకటన చేసినవారికి ఏడాదివరకు కారాగారశిక్ష గలదు. కావున ఒకచోట నిర్ణయించుకొనుడు.

"హాస్టలు పిల్లలు నేడుండి రేపు పోవువారు; ఆ యూరి వ్యవహారము వారికేల?" అని కొందరడుగుదురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి ప్రైరీ వ్యూ కళాశాల నల్లజాతి విద్యార్థులను చదువు ముగిసిన పిదప ఇక్కడనే యుందురా యని ప్రశ్నించి, అక్కడి యధికారి ఓటు నమోదుకు అడ్డుపడెను. ఆ ఆటంకము చెల్లదన్న తీర్పును 1979లో వారి సుప్రీంకోర్టు స్థిరపరచెను. ఊరి నీరు త్రాగుచు, ఊరి బస్సెక్కుచు, ఊరి ఆసుపత్రికి పోవు విద్యార్థి ఆ యూరివాడు కాకుండునా?

మన చరిత్రనుకూడ మరువరాదు. నిజాము పాలనలో ఈ గోదావరి తీరమున సామాన్యునికి ఓటు లేదు. 1938లో వందేమాతరము పాడినందులకు విద్యార్థులు కళాశాలలనుండి బహిష్కృతులైరి. వారిలో కొందరు నాగపూరు పోయి చదువు సాగించిరి. ఆ విద్యార్థులలో నొకరైన పి. వి. నరసింహారావుగారు 1957లో మన పొరుగున నున్న మంథనినుండి శాసనసభకెన్నికై, తరువాత ప్రధానమంత్రి యైరి. నాటి విద్యార్థికి గొంతుండియు ఓటు లేదు. స్వరాజ్యము వచ్చిన పిదపకూడ 1989 మార్చి 28వ తేదీవరకు ఇరువదియొక్కటేండ్లు నిండినగాని ఓటు రాలేదు. అరువదియొకటవ రాజ్యాంగ సవరణవలన పదునెనిమిదేండ్లవారికి ఆ హక్కు వచ్చినది. చిరునామా చిక్కులలో దానిని జారవిడుచుట తగునా?

చేయవలసిన పని స్వల్పము. పదునేడేండ్లు నిండినవారు ముందుగానే ఫారము 6 ఈయవచ్చును. పూర్వము జనవరి 1వ తేదీ యొక్కటే గణనకు వచ్చెడిది. 2021 సవరణ పిదప ఏప్రిలు 1, జూలై 1, అక్టోబరు 1 కూడ చేరినవి. ఇల్లు మారినవారు ఫారము 8 నింపవలెను. నామినేషన్ల కడపటి దినము దాటిన పిదప ఆ యెన్నికకు క్రొత్త పేరు చేరదు గనుక, ఎన్నికల ప్రకటనకొరకు వేచియుండక ఇప్పుడే జాబితాలో పేరు చూచుకొనుడు. సందేహమున్న 1950 సంఖ్యకు ఫోను చేయుడు. లేదా బూత్ లెవెల్ ఆఫీసరు నడుగుడు.

పెద్దలకును కొన్ని విన్నపములు. ప్రిన్సిపాళ్లు ధ్రువపత్రములకై పిల్లలను త్రిప్పరాదు; పోలింగు మరునాడు పరీక్ష పెట్టరాదు. కంపెనీలు క్వార్టరు ఖాళీచేయు కాగితములతోపాటు ఫారము 8 చేతికీయవలెను. ప్రభుత్వము చేయవలసినదియు గలదు. 85 ఏండ్లు నిండిన వృద్ధులకు, నూటికి 40 వంతులకు తక్కువగాని వైకల్యముగలవారికి ఇంటివద్దనే ఓటువేయు సౌకర్యము వచ్చినది. పొరుగూర నున్న విద్యార్థికి అట్టిది లేదు. దూరమునుండి ఓటువేయు యంత్రమును ఎన్నికల సంఘము 2022 డిసెంబరులో ప్రతిపాదించెను గాని, పెక్కు పార్టీలు సందేహములు తెలుపగా అది ఆచరణకు రాలేదు. సందేహములు తీర్చి మార్గము చూపుడని అడుగుట మన బాధ్యత.

నాటి యువతికి మేము మరల ఫారము నింపించితిమి. 2024 మే 13వ తేదీన లోక్‌సభ ఎన్నికలలో ఆమె ఓటువేసెను. శాసనసభ ఓటు మాత్రము పోయినది, అది తిరిగిరాదు. అట్టి నష్టము మరియొకరికి కలుగకుండుటకే ఈ ద్వారమువద్ద మా సేవకులు ఫారములతో కూర్చుండియున్నారు. ఇంటికి పోవుటకు ముందు అచ్చట ఒక్క నిమిషము నిలువుడని మా ప్రార్థన.