ఏ ఊరి మనిషి? రోస్‌కామన్ నుంచి మదనపల్లె దాకా
(మహాసభల సాహిత్య వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఐర్లండ్ మహనీయుల గురించి మాట్లాడమన్నారు. దేశం మొత్తం చెప్పాలంటే ఇచ్చిన ఇరవై నిమిషాలు చాలవు. పైగా భోజనాల వేళకు అడ్డం నిలబడిన వక్తను తెలుగువాళ్లు అంత తేలిగ్గా మరిచిపోరు! అందుకని ఒకే ఒక్క జిల్లాను ఎంచుకున్నాను. అక్కడ జిల్లాను కౌంటీ అంటారు. పేరు రోస్‌కామన్. దానికి సముద్రం లేదు, పెద్ద నగరం లేదు. తూర్పున షానన్ నది, మధ్యలో పచ్చిక బయళ్లు, పీట్ బొగ్గు తవ్వుకునే చిత్తడి నేలలు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది రమారమి 70 వేల మంది. మన వైపు ఓ మోస్తరు మునిసిపాలిటీలో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. ఆ చుట్టుపక్కలే ఉంటూ చాలా ఏళ్లుగా చెవి, ముక్కు, గొంతు వైద్యం చేసుకుంటున్నవాణ్ణి కనుక, ఆ ఊళ్లూ ఆ పేర్లూ నాకు బాగా అలవాటయ్యాయి.

ముందు పురాణంతో మొదలుపెడదాం. టల్స్క్ అనే పల్లె దగ్గర రాత్‌క్రోహన్ అనే చోట పెద్ద మట్టి దిబ్బలున్నాయి. కొనాక్ట్ రాజ్యపు రాణి మేవ్ రాజధాని అదేనని ఐరిష్ గాథలు చెబుతాయి. ఆలుమగల మధ్య ఎవరి సంపద ఎక్కువ అన్న పంతం వచ్చింది. మొగుడి మందలో ఉన్న ఆబోతుకు సాటివచ్చేది తన మందలో లేదని, పొరుగు రాజ్యమైన అల్‌స్టర్‌లోని గోధుమరంగు ఆబోతు కోసం ఆవిడ దండయాత్రకు బయల్దేరింది. తిక్కన గారి విరాట పర్వంలో గోగ్రహణం చదువుకున్న మనకు ఇది వింతగా అనిపించదు. పశువే ధనమైన కాలంలో యుద్ధాలు పశువుల కోసమే జరిగాయి, గంగాతీరంలోనైనా షానన్ తీరంలోనైనా.

ఇక చరిత్రలోకి వద్దాం. టర్లో ఓ కరోలన్ 1670లో పుట్టాడు. పుట్టింది రోస్‌కామన్‌లో కాదు, మీత్ కౌంటీలో. తండ్రి పని కోసం రోస్‌కామన్‌లోని బాలీఫార్నన్‌కు వలస వచ్చాడు, మెక్‌డెర్మట్ రో అనే కుటుంబం దగ్గర కొలువు. పద్దెనిమిదో ఏట కుర్రవాడికి మశూచి సోకి రెండు కళ్లూ పోయాయి. ఆ ఇంటి ఇల్లాలు అతన్ని వదిలెయ్యలేదు. మూడేళ్లు హార్ప్ వాద్యం నేర్పించి, ఒక గుర్రాన్నీ దారి చూపే మనిషినీ ఇచ్చి పంపింది. ఆ తరవాత దాదాపు యాభై ఏళ్లు అతను ఊరూరా, దివాణం దివాణం తిరుగుతూ, ఆతిథ్యమిచ్చిన వాళ్ల పేరిట బాణీలు కట్టాడు. రెండు వందలకు పైగా బాణీలు మిగిలాయి. 1738లో ఒంట్లో బాగోలేనప్పుడు తిరిగి ఆ తల్లి ఇంటికే వచ్చి, అక్కడే కన్నుమూశాడు. సమాధి రోస్‌కామన్‌లోని కిల్‌రోనన్‌లో ఉంది.

ఇప్పుడు చెప్పండి, కరోలన్ ఏ ఊరి మనిషి? పుట్టిన మీత్ వాడా, చేరదీసిన రోస్‌కామన్ వాడా? రెండు కౌంటీలూ మావాడే అంటాయి. ఇవాళ్టి నా మాటలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఎందుకంటే రేపు మన పిల్లల్ని కూడా ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతారు.

మా వైద్యుల వైపు నుంచి ఒక పేరు. విలియం వైల్డ్, 1815లో కాసిల్‌రే పట్నం దగ్గర పుట్టాడు. ఆస్కార్ వైల్డ్ తండ్రి అంటే మీరు వెంటనే గుర్తుపడతారు. కానీ కొడుకు పుట్టకముందే తండ్రి పేరున్న కంటి, చెవి వైద్యుడు. 1844లో డబ్లిన్‌లో సెయింట్ మార్క్స్ ఆసుపత్రి స్థాపించాడు. చెవి వెనక చీము పట్టినప్పుడు పెట్టే కోతకు ఆయన పేరే ఉంది, మేమంతా చదువుకున్నదే. 1851 జనాభా లెక్కల్లో మహాకరువు చావుల పట్టికలు తయారుచేసే భారం ఆయన మీదే పడింది.

ఆ కరువు గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. 1841లో రెండున్నర లక్షలున్న రోస్‌కామన్ జనాభా పదేళ్లలో మూడోవంతుకు దగ్గరగా తగ్గిపోయింది. స్ట్రోక్స్‌టౌన్ జమీందారు డెనిస్ మహాన్, కౌలు కట్టలేని 1,490 మంది రైతు జనాన్ని 1847లో కెనడాకు పంపించేశాడు. వాళ్లు కాలువ గట్టు వెంబడి డబ్లిన్ దాకా నడిచి వెళ్లారు. అక్కడినించి లివర్‌పూల్, అక్కడినించి ఓడల్లో క్విబెక్. చాలామంది దారిలోనే జ్వరాలతో పోయారు. అదే సంవత్సరం నవంబరులో ఆ జమీందారును ఎవరో కాల్చి చంపారు. ఆ దివాణంలోనే 1994లో జాతీయ కరువు మ్యూజియం పెట్టారు. ఎస్టేటు కచేరీలో మిగిలిన అర్జీలూ లెక్కల కాగితాలూ దానికి ఆధారం. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు, 1876–78లో రాయలసీమను పీల్చేసిన కరువు మనకూ ఉన్నాయి. మారిషస్‌కూ నాటాల్‌కూ కూలికి ఓడలెక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ సభలో విమానం ఎక్కి వచ్చిన మనమంతా ఆ ఓడలను ఒక్కసారి తలుచుకోవడం మంచిది.

మళ్లీ వైల్డ్ దగ్గరికి వస్తాను. ఆయన 1852లో వేసిన జానపద విశ్వాసాల పుస్తకంలో ఒక సంగతి రాశాడు. పశ్చిమ ఐర్లండ్‌లో ఒక గుడిసెలో చిన్న కుర్రాడు అక్కతోనో చెల్లెలితోనో ఐరిష్‌లో ఏదో మాట అన్నాడు. తండ్రి ఏమీ అనకుండా వచ్చి, పిల్లవాడి మెడలో తాడుకు కట్టిన పుల్ల మీద చాకుతో ఒక గాటు పెట్టాడు. ఐరిష్ మాట్లాడినప్పుడల్లా ఒక గాటు. గాట్లు లెక్కకు చేరితే బడిలో పంతులు దండిస్తాడు. ఆ తండ్రికి ఐరిష్ అంటే ద్వేషం కాదు, తనకు ప్రేమే. పిల్లవాడికి చదువు రావాలి, ఆ చదువు ఇంగ్లీషులోనే ఉంది. అంతే.

అయ్యా, అమ్మా, ఆ తండ్రిని తప్పుపట్టడం నాకు చేతకాదు. మన ఇళ్లలో పుల్లలు లేవు, గాట్లు లేవు. కానీ పిల్లవాడు తెలుగులో అడిగితే మనం ఇంగ్లీషులో జవాబు చెప్పిన ప్రతిసారీ, కంటికి కనపడని గాటు ఒకటి పడుతూనే ఉంటుంది. ఆ తండ్రికి కనీసం కరువు భయం ఉంది. మనకేం భయమో మనమే ఆలోచించుకోవాలి.

ఆ గాట్లకు ఎదురు నిలబడిన మనిషి కూడా రోస్‌కామన్ వాడే. డగ్లస్ హైడ్ 1860లో కాసిల్‌రేలో పుట్టి, ఫ్రెంచ్‌పార్క్‌లో పెరిగాడు. తండ్రి ప్రొటెస్టంట్ మతాచార్యుడు, ఇంట్లో ఇంగ్లీషే. ఐరిష్ అతనికి నేర్పింది బడి కాదు. షేమస్ హార్ట్ అనే ఎస్టేటు కాపలాదారూ, చుట్టుపక్కల గుడిసెల్లోని ముసలివాళ్లూ నేర్పారు. విన్న మాటల్నీ పాటల్నీ నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నాడు. 1892లో డబ్లిన్‌లో చేసిన ప్రసంగంతో దేశాన్ని కదిలించాడు. 1893లో గేలిక్ లీగ్ స్థాపించాడు. ఆ ఏడే కొనాక్ట్ ప్రేమగీతాల సంకలనం వెలువరించాడు. 1938లో ఐర్లండ్ తొలి రాష్ట్రపతి అయ్యాడు.

1949లో ఆయన పోయినప్పుడు జరిగింది వింటే మనసు కలుక్కుమంటుంది. అంత్యక్రియల ప్రార్థన ప్రొటెస్టంట్ చర్చిలో జరిగింది. ఆ రోజుల్లో కాథలిక్కులు అక్కడ అడుగుపెట్టకూడదని నియమం. అందుకని మంత్రులు బయట కార్లలో కూర్చుండిపోయారు. దేశానికి దాని భాషను గుర్తుచేసిన మనిషికి తుది వీడ్కోలు చెప్పడానికి మతం గడప అడ్డొచ్చింది. భాష కలిపినవాళ్లను ఇంకేదో విడదీయడం మన సంఘాలకు తెలియని సంగతేమీ కాదు గదా!

ఇంకో తమాషా. ఐర్లండ్‌లో యూరో రాకముందు యాభై పౌండ్ల నోటు మీద ముందు కరోలన్ బొమ్మ ఉండేది, తరవాతి వరసలో హైడ్ బొమ్మ వచ్చింది. ఒక వాగ్గేయకారుడికీ ఒక భాషాసేవకుడికీ ఆ దేశం ఇచ్చిన విలువ అది.

ఐతే హైడ్ గెలిచాడా? 1937 రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాష చేసింది. ప్రతి బడిలోనూ నేర్పుతారు. అయినా 2022 లెక్కల్లో, బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు 72 వేల లోపే. దేశ జనాభా 51 లక్షల పైన. నాకు అర్థమైన పాఠం ఇది: ఇల్లు వదిలేసిన భాషను ప్రభుత్వం కూడా పూర్తిగా తిరిగి తేలేదు.

చివరగా, నేను ఈ కౌంటీని ఎంచుకోవడానికి అసలు కారణం. రోస్‌కామన్ ఉత్తరాన బాయిల్ అనే పట్నం ఉంది. టార్జాన్ సినిమాల్లో జేన్‌గా వేసిన మొరీన్ ఓ సలివన్ పుట్టిన ఊరు. అదే ఊళ్లో 1878లో మార్గరెట్ గిలెస్పీ పుట్టింది. సంగీతంలో పట్టా తీసుకుంది. జేమ్స్ కజిన్స్‌ను పెళ్లాడింది. 1908లో స్త్రీల ఓటు హక్కు కోసం సంఘం పెట్టి, జైళ్లకు వెళ్లి, నిరాహార దీక్షలు చేసింది. 1915లో భర్తతో కలిసి మన దేశం వచ్చింది. ఎక్కడ ఉంది? మద్రాసు అడయారులోనూ, చిత్తూరు సీమ మదనపల్లెలోనూ.

మదనపల్లె బీసెంట్ థియసాఫికల్ కాలేజీకి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి, జనగణమన పాడి వినిపించారు. ఇంగ్లీషు అనువాదం అక్కడే చేశారు. బాణీ ఠాగూర్‌దే. దాన్ని పోకుండా స్వరలిపిలో రాసిపెట్టింది మాత్రం రోస్‌కామన్ ఆడపడుచు మార్గరెట్. మన గడ్డ మీద, ఒక బెంగాలీ కవి పాటకు, ఒక ఐరిష్ వనిత స్వరాలు రాసింది. 1950లో అది జాతీయ గీతమైంది.

ఆవిడ అంతటితో ఆగలేదు. 1917లో అనీ బీసెంట్, డరోతీ జినరాజదాసలతో కలిసి భారత మహిళా సంఘం స్థాపించింది. ఆ ఏడే ఆడవాళ్లకు ఓటు కావాలని మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు నాయకత్వాన మంత్రి మాంటేగును కలిసిన బృందానికి వెనక ఉండి నడిపింది. 1921లో మద్రాసు రాజధాని స్త్రీలకు ఓటు ఇచ్చింది. 1932లో ఆర్డినెన్సులను విమర్శిస్తూ మాట్లాడినందుకు వెల్లూరు జైలుకు వెళ్లింది. 1954లో మద్రాసులో కన్నుమూసింది.

బాయిల్ ఆవిణ్ణి మా ఊరి పిల్ల అంటుంది. మదనపల్లె మా అమ్మ అనవచ్చు. ఇద్దరిదీ నిజమే. మనిషి పుట్టిన ఊరికి పాటలాగా, బతికిన ఊరికి పనిలాగా మిగులుతాడని నాకనిపిస్తుంది. మన పిల్లలు ఇక్కడ ఓటేసి, ఇక్కడి ఊరి మంచిచెడ్డల్లో నిలబడితే మార్గరెట్ దారిన నడిచినట్టు. తెలుగు నోట ఉంచుకుంటే హైడ్ దారిన నడిచినట్టు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని ఎవరూ చెప్పలేదు.

ఒక్క చిన్న కోరికతో ముగిస్తాను. మన అమ్మానాన్నలు, అత్తమామలు ఏడాదికో రెండేళ్లకో మన ఇళ్లకు వస్తారు. బయట చలి, లోపల టీవీ, వాళ్లకు కాలక్షేపం ఉండదు. హైడ్ కుర్రతనంలో చేసిన పని మన పిల్లల చేత చేయిద్దాం. ఒక నోటుపుస్తకమో, చేతిలో ఉన్న ఫోనో చాలు. లాలిపాట, పొడుపుకథ, దంపుళ్ల పాట, ఊరి పేరు వెనక కథ, ఏది చెబితే అది రాయించండి. వచ్చే మహాసభలకు రెండేళ్ల గడువుంది. ఒక్కో ఇంటి నుంచి పది పేజీలు వస్తే చాలు, ఒక మంచి సంకలనమవుతుంది.

 భోజనాలు చల్లారకముందే సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.