ఎండకు జవాబు: చార్లెస్ కొరియా వృత్తి జీవితం



ఈసీఐఎల్ చౌరస్తా పేరు వినని మనిషి ఈ హాలులో ఉండరు. కీసర నుంచి వచ్చినా, శామీర్‌పేట నుంచి వచ్చినా, నగరం ఉత్తరపు అంచున బతికే మనందరికీ అదొక గుర్తు. ఆ పక్కనే ఏ.ఎస్. రావు నగర్. ఆ రెండు పేర్ల వెనుక ఉన్న సంస్థ కంప్యూటర్లు చేసిందనీ, టీవీలు చేసిందనీ, ఓటింగ్ యంత్రాలు చేస్తోందనీ పెద్దలకు గుర్తుంది. ఆ సంస్థ కార్యాలయ భవనాన్ని ఎవరు గీశారో మాత్రం అక్కడ ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైనవారిలో కూడా చాలామందికి తెలియదు. ఆ భవనం చార్లెస్ కొరియాది. 1965-68 మధ్య చేసిన పని.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ పెద్దాయన జీవితమంతా ఇళ్లు కట్టించినవారు. ప్లాను చేతిలో పెడితే ముందు తూర్పు ఎటో అడిగేవారని ఆయన దగ్గర పనిచేసినవారు చెబుతారు. వాస్తు కోసం మాత్రమే కాదు. మధ్యాహ్నం మూడింటికి ఎండ ఏ గోడ మీద పడుతుందో చూసుకోవడానికి. అందుకే ఇవాళ కొరియా గురించి మాట్లాడాలనిపించింది. ఆ వాస్తుశిల్పి యాభై ఏళ్లకు పైగా పట్టి వదలని ప్రశ్న కూడా అదే: ఈ ఎండను ఏం చేయాలి?

కొరియా 1930 సెప్టెంబరు 1న సికింద్రాబాద్‌లో పుట్టారు. గోవా మూలాలున్న క్రైస్తవ కుటుంబం. బొంబాయి సెయింట్ జేవియర్స్‌లో, తర్వాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో, ఎంఐటీలో చదువుకున్నారు. 1958లో బొంబాయిలో సొంత ఆఫీసు పెట్టారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. మొదట్లోనే చేతికొచ్చిన పని సబర్మతి ఆశ్రమంలో గాంధీ స్మారక సంగ్రహాలయం. ఆ వయసులో అంత పెద్ద పేరు మీద కట్టడం కట్టమంటే ఎవరికైనా గోపురమో స్తంభాల వరసో ఎత్తాలనిపిస్తుంది. ఆయన ఆరు మీటర్ల చదరపు గదుల్ని, కొన్ని మూసి, కొన్ని తెరిచి, మధ్యలో నీళ్ల తొట్టి ఉంచి, ఒక పల్లె పెరిగినట్టు పేర్చారు. ఇటుక స్తంభాలు, పెంకు కప్పు, కిటికీలకు గాజు బదులు చెక్క పలకలు. 1963లో నెహ్రూ ప్రారంభించారు. ఇవాళ వెళ్లినా ఆ నీడలో కూర్చుని గాంధీ ఉత్తరాలు చదువుకోవచ్చు. గాంధీ గదికి సరిపడే కొలతలో కట్టిన కట్టడం అది. ఆయన చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా అదే.

అహ్మదాబాద్‌లోనే 1961-62లో ట్యూబ్ హౌస్ వచ్చింది. తక్కువ ఆదాయం ఉన్నవారి ఇళ్ల కోసం గుజరాత్ హౌసింగ్ బోర్డు పెట్టిన పోటీలో మొదటి బహుమతి పొందిన ఇల్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. లోపలి కప్పు వాలు వెంట వేడిగాలి పైకి పాకి, శిఖరం దగ్గర వదిలిన సందులోంచి బయటికి పోతుంది. కింద నుంచి కొత్త గాలి వస్తుంది. ఫ్యాను లేకుండా ఇంటి ఆకారమే గాలిని కదిలించాలన్నది లెక్క. నమూనాగా కట్టిన ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కూల్చేశారు. కానీ అందులోని ఆలోచన ఆయన తర్వాతి పనులన్నిటిలోకీ వెళ్లింది. మన ఈసీఐఎల్ భవనంలోకి కూడా.

భవనం పని అప్పటికే మొదలైనా, ఈసీఐఎల్ సంస్థగా పుట్టింది 1967 ఏప్రిల్‌లో, అణుశక్తి విభాగం కింద. దాన్ని నిలబెట్టింది ఆ ఏ.ఎస్. రావే, అంటే డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలో, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపిన శాస్త్రవేత్త. విదేశాల నుంచి పరికరాలు తెచ్చుకోవడమే గొప్ప అనుకునే రోజుల్లో మన దగ్గరే చేద్దామని పట్టుబట్టినవారు. 1969 నాటికే ఇక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఇక్కడి బుర్రతో ఇక్కడి పరికరం అన్న సంస్థకు, ఇక్కడి ఎండకు ఇక్కడి భవనం అన్న ఆర్కిటెక్టు దొరికారు. ఆ రెండు పట్టుదలలు ఒకే ఆవరణలో కలవడం మన ప్రాంతానికి దక్కిన అదృష్టంగా భావిస్తాను.

ఆ భవనంలో కొరియా చేసిందేమిటి? చల్లదనం బాధ్యతను యంత్రం మీదకు నెట్టేయకుండా, దాన్ని భవనం ఆకారం మీద పెట్టారు. పైకప్పు మీద నీడనిచ్చే పందిరిలాంటి చట్రం పరిచారు. ఎండ నేరుగా శ్లాబును తాకకపోతే కింద గది సగం గెలిచినట్టే. అదే కాలంలో అహ్మదాబాద్‌లో పరేఖ్ ఇంటికి ఆయన రెండు రకాల నిలువు కోతలు పక్కపక్కనే పెట్టారు: ఒకటి వేసవి పగళ్లకు మూసుకున్నది, ఇంకొకటి చలికాలానికీ వేసవి సాయంత్రాలకూ ఆకాశానికి తెరిచినది. కాలాన్నిబట్టి, పొద్దునుబట్టి మనిషి ఇంట్లో చోటు మారతాడన్నది అందులోని గ్రహింపు. దీన్నే 1980లో ఒక వ్యాసంలో సూత్రంగా రాశారు: భవనం రూపం వాతావరణాన్ని అనుసరించాలి. పేద దేశం కరెంటు తగలేసి చల్లబడలేదు. మనిషికి కావలసిన సదుపాయాన్ని కట్టడం తన రూపంతోనే ఇవ్వాలి.

ఇది తెలంగాణవాళ్లకు కొత్త పాఠం కాదు. మేడ్చల్ చుట్టుపక్కల పాత ఊళ్లలో ఇంకా మిగిలిన భవంతి ఇళ్లు చూడండి. మందపాటి మట్టి గోడలు, నాలుగువైపులా వాలిన గూన పెంకుల కప్పు, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, దాని చుట్టూ వసారా. మనది పొడి వేడి. పగలు మందపాటి గోడ ఎండను ఆపుతుంది, లోపలికి వేడి దిగడానికి గంటలు పడుతుంది. రాత్రి ఆ నడుమ ఖాళీలోంచి వేడంతా ఆకాశానికి పోతుంది. మంచం వాకిట్లో వేసుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవలసి వచ్చేది. బొంబాయిలో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ తేమ, గాలి అడ్డంగా దూసుకుపోవాలి. కొరియాకు ఈ తేడా బాగా తెలుసు. బొంబాయిలో 1970-83 మధ్య కట్టిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్లు 28 అంతస్తులు. సముద్రపు గాలి, అందమైన దృశ్యం పడమటి నుంచే వస్తాయి. మధ్యాహ్నపు ఎండ, వర్షపు జల్లు కూడా అటునుంచే. పాత బంగ్లాల్లో చుట్టూ వరండా ఉండి ఆ జల్లును ఆపేది. ఆయన ఆ వరండాను రెండంతస్తుల ఎత్తున్న తోట మూలగా మార్చి ఒక్కో ఫ్లాటుకూ ఇచ్చారు. ఆలోచన గొప్పది. కానీ అది ధనవంతుల భవనం. కొరియా అభిమానులు ముందుగా చూపించే ఫోటో అదే కావడం నాకు కొంచెం బాధ కలిగిస్తుంది.

ఎందుకంటే ఆయన అంతకన్నా పెద్ద పని పేదల కోసం తలపెట్టారు. 1964లో ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్‌తో కలిసి, బొంబాయి ఇరుకు తీరాలంటే సముద్రపు పాయకు అవతల కొత్త నగరం కట్టాలని ప్రభుత్వానికి ప్రతిపాదించారు. ప్రభుత్వం ఒప్పుకుంది. నవీ ముంబై అనే ఆ కొత్త నగరాన్ని కట్టే సంస్థకు 1970 నుంచి నాలుగైదేళ్లు చీఫ్ ఆర్కిటెక్టుగా పనిచేశారు. సచివాలయం అటు తరలితే ఉద్యోగాలు, రైళ్లు, ఇళ్లు వెంట నడుస్తాయన్నది ప్రణాళిక. సచివాలయం తరలలేదు. సముద్రాన్ని పూడ్చిన నారిమన్ పాయింట్‌లోనే ఆఫీసులు లేచాయి. ఆ పూడికను వ్యతిరేకించిన గొంతుల్లో ఆయనదీ ఒకటి. నగరం ఎటు పెరగాలో గీత గీసేది ఆర్కిటెక్టు కావచ్చు, ఆ గీత మీద నడిపించేది భూమి ధర. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మన పొలాల మీదుగా వచ్చాక శామీర్‌పేటలో ఏం జరిగిందో చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కరలేదు.

ఆ కొత్త నగరంలో బేలాపూర్ దగ్గర 1983-86లో ఆయన కట్టిన కాలనీ గురించి మాత్రం కాస్త ఎక్కువసేపు చెప్పాలి. ఏడిళ్లు కలిసి ఎనిమిది మీటర్ల చదరపు వాకిలి చుట్టూ కూర్చుంటాయి. అలాంటి గుంపులు మూడు కలిస్తే ఇంకో పెద్ద వాకిలి. అవి కలిస్తే ఇంకా పెద్దది. ప్లాట్ల కొలతలు 45 నుంచి 75 చదరపు మీటర్లు, అంతే. తక్కువ జీతగాడికీ ఎక్కువ జీతగాడికీ ప్లాటు పరిమాణంలో పెద్ద తేడా ఉండకూడదన్నది ఆయన పంతం. ప్రతి ఇంటికీ సొంత ఆకాశం ఉండాలి. పక్కింటితో గోడ కలవకూడదు, అప్పుడు చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎవరిమట్టుకు వారు ఇల్లు పెంచుకోవచ్చు. కాలక్రమంలో జనం అక్కడ చాలా ఇళ్లు కూల్చి పెద్దవి కట్టుకున్నారు. కొందరు దాన్ని వైఫల్యమంటారు. నేననను. పెరగడానికి వీలుగా గీసిన ఇల్లు పెరిగింది. చుట్టూ ఉన్న వాకిళ్లు నిలిచాయి. ఇవాళ మన రోడ్ల పక్కన గేటు, గోడ, కాపలా పెట్టుకుని లేస్తున్న విల్లాల వరసల్లో పిల్లలు గేటు దాటకుండా ఆడుకోగల ఎనిమిది మీటర్ల ఉమ్మడి వాకిలి ఎన్నిచోట్ల ఉందో ఇళ్లు కొనేవాళ్లు అడగాలి.

బహుమతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1972లో పద్మశ్రీ, 1984లో బ్రిటన్ రాయల్ గోల్డ్ మెడల్, 1990లో అంతర్జాతీయ ఆర్కిటెక్టుల సమాఖ్య బంగారు పతకం, 1994లో జపాన్ ప్రీమియం ఇంపీరియాలె, 2006లో పద్మవిభూషణ్. మధ్యలో 1998లో భోపాల్ విధాన భవనానికి ఆగాఖాన్ పురస్కారం.

ఈ చివరి పేరు దగ్గర ఆగుతాను. 1977లో మొదలైన ఆగాఖాన్ పురస్కారం మూడేళ్లకోసారి ఇస్తారు. తుది పరిశీలనకు ఎంపికైన భవనం వాడుకలో ఎలా ఉందో, విజేతను తేల్చేముందే మనుషుల్ని పంపించి చూసిరమ్మంటారు. ఫోటోకు బహుమతి ఇవ్వరన్నమాట. ఈ పురస్కారాన్ని మూడుసార్లు పొందిన ఒకే ఒక్కరు టర్కీకి చెందిన తుర్గుత్ జాన్సెవర్. ఆయన తర్వాతి తరంలో 1963లో అంకారాలో పుట్టిన ఎమ్రె అరోలాత్ 2010లో అదే పురస్కారం పొందారు. దేనికి? ఎదిర్నెలో ఒక బట్టల ఫ్యాక్టరీకి! ఇపెక్యోల్ అనే ఆ ఫ్యాక్టరీలో కుట్టుపనివాళ్లనూ మేనేజర్లనూ వేర్వేరు భవనాల్లో పెట్టలేదు, ఒకే కప్పు కింద కూర్చోబెట్టారు. లోపలి తోటల నుంచి వెలుతురు మిషన్ల దాకా వస్తుంది. అదే అరోలాత్ ఇస్తాంబుల్ పొలిమేరలో గుమ్మటం లేకుండా, కొండవాలులో ఒదిగిన గుహలా సంజక్లార్ మసీదు కట్టారు. ప్రార్థన గోడ మీదకు పైనుంచి జారే వెలుతురే అక్కడి అలంకారం. పల్లెలాంటి సంగ్రహాలయం కట్టిన కొరియాకూ ఈయనకూ మధ్య ఒక తరం ఉంది, రెండు దేశాలున్నాయి. అయినా ఇద్దరూ మొదట నేలనూ వెలుతురునూ చదివారు.

మేడ్చల్ పారిశ్రామికవాడలో షెడ్లు కట్టేవారికి నేను ఆ ఎదిర్నె ఫ్యాక్టరీని చూపించాలనుకుంటున్నాను. రేకుల షెడ్డు కింద మే నెలలో మిషను దగ్గర నిలబడే మనిషికి పురస్కారాలతో పనిలేదు, రేకుకూ తలకూ మధ్య గాలి ఆడే సందు కావాలి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ వైపు వెళ్తే వేరే సమస్య. ప్రయోగశాలకు ఏసీ తప్పదు, ఒప్పుకుంటాను. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే పని పాడవుతుంది. కానీ ఆ ల్యాబుకు వెళ్లే నడవాకు, మెట్లకు, క్యాంటీనుకు, ఎదురుచూసే హాలుకు కూడా గాజు గోడలు కట్టి ఏసీ పెట్టడం దేనికి? గాజు ఎండను లోపలికి రానిస్తుంది, లోపల వేడెక్కిన గోడలూ బల్లలూ వెలువరించే వేడిని బయటికి పోనివ్వదు. ఆ వేడిని తోడిపోయడానికి రోజంతా కరెంటు కాలుతుంది. చలిదేశాల్లో సూర్యుణ్ణి ఇంట్లోకి పిలిచే పద్ధతిని పడమటి ముఖాన తెచ్చిపెట్టుకుని ఆధునికమనుకుంటున్నాం. కొరియాకు గాజు మీద కోపం లేదు. 2010లో లిస్బన్‌లో ఆయన గీసిన వైద్య పరిశోధనా కేంద్రం ఛాంపలిమో తెరుచుకుంది. నది అట్లాంటిక్‌లో కలిసే చోట, వేరే ఎండ కింద వేరే జవాబు. హైదరాబాద్‌కే ఆయన మళ్లీ వచ్చి గచ్చిబౌలిలో డెవలప్‌మెంట్ బ్యాంకింగ్ సంస్థ ఆవరణ గీసినప్పుడు మళ్లీ నీడ దారులూ తెరిచిన ఖాళీలే.

2015 జూన్ 16న ముంబైలో కన్నుమూశారు. అంతకు ముందే, 2013లో, తన గీతలన్నిటినీ లండన్‌లోని బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థకు ఇచ్చేశారు. కాగితం అక్కడ భద్రం. కట్టడాలు ఇక్కడ భద్రంగా లేవు. గోవాలో ఆయన కట్టిన కళా అకాడమీలో, మరమ్మతులు జరుగుతుండగానే, 2023 జూలైలో ఆరుబయలు రంగస్థలం కప్పు కూలింది. భారతదేశంలో స్వాతంత్ర్యం తర్వాత కట్టిన మంచి భవనాలకు పాత కోటలకున్న చట్టరక్షణ లేదు. కుతుబ్‌షాహీ సమాధుల మీద ఎంతో శ్రద్ధతో పని జరిగింది, సంతోషం. 1968 నాటి కాంక్రీటు మీద ఆ శ్రద్ధ ఎవరు పెడతారు?

అందుకే ఈ వేదిక మీద ఒక పని అడుగుతున్నాను. మన చుట్టుపక్కల ఆర్కిటెక్చర్ చదివే పిల్లలున్నారు. ఈసీఐఎల్ రక్షణతో ముడిపడిన ఆవరణ కాబట్టి అనుమతి కావాలి, నియమాలుంటాయి. పద్ధతిగా అడిగితే ఆ భవనాన్ని కొలవడానికి వీలు దొరకవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో రోజంతా పైకప్పు చట్రం మీదా, దాని కింద శ్లాబు మీదా, లోపలి గదిలోనూ ఉష్ణోగ్రత రాయండి. మధ్యలో వచ్చిన గోడలేవి, మూసేసిన సందులేవి, తర్వాత బిగించిన ఏసీలేవి, అన్నీ గీయండి. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు కాప్రాలో, ఏ.ఎస్. రావు నగర్‌లో, సైనిక్‌పురిలో ఉన్నారు. మొదటి వేసవుల్లో ఆ గదులెలా ఉండేవో వాళ్లను అడిగి తేదీతో సహా రాసుకోండి. ఆ కాగితాలు లండన్‌కు పంపే ముందు ఒక ప్రతి మన జిల్లా గ్రంథాలయంలో ఉంచండి. వచ్చే ఏడాది ఇదే ఉపన్యాసం రోజున ఆ గీతలను ఈ గోడలకు తగిలించే ఏర్పాటు చేస్తామని నిర్వాహకులు మాట ఇచ్చారు.