కేరాఫ్ భీవండి



మా బడి సారు స్మారక సభలో మాట్లాడమన్నప్పుడు నాకు మొదట యాదికొచ్చింది ఆయన చెప్పిన పాఠాలు కాదు, బడి వదిలినంక అరుగు మీద కూర్చొని రాసిన ఉత్తరాలు. హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఇన్‌లాండ్ కవర్లు పట్టుకొని వచ్చేవారు. భర్త భీవండిలోనో సూరత్‌లోనో షోలాపూర్‌లోనో ఉండేవాడు. చిరునామా రాసే పని నాది. పైన పేర్లు మారేవి గాని 'కేరాఫ్' తర్వాత పేరు మారేది కాదు. ఒక్క ఖోలీ, ఒక్క పెద్దమనిషి, ఆయన కేరాఫ్‌లో ఇరవై మంది. నా ఉపన్యాసం ఆ ఒక్క మాట గురించే. పరాయి ఊళ్ళో మనవాళ్ళంతా ఒక్కచోట మసలడం మనిషిని పైకి తెస్తుందా, ఉన్నకాడనే కట్టేస్తుందా?

మనది మెట్ట. చెరువు నిండిన ఏడు నాట్లు, ఎండిన ఏడు బొంబాయి బస్సు. మగ్గం ఆగిపోయిన పద్మశాలీలు ముందు కదిలారు, వెనక మిగతా కులాలవాళ్ళు. ఆ దారి చాలా పాతది. బొంబాయిలో కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ నుంచి పోయి ఇళ్ళు కట్టిన కామాఠీల వల్లే వచ్చింది. భీవండి పద్మనగర్‌లో, షోలాపూర్ తూర్పు పేటల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది.

కొత్తగా దిగినవాడికి మరాఠీ రాదు, చేతిలో పైసలు లేవు. ఆ రాత్రి పడుకునే జాగ, ఖానావళిలో ఖాతా, తెల్లారి సాంచా (మరమగ్గం) పక్కన నిలబెట్టి తెగిన పోగు అతకడం నేర్పే చెయ్యి, అన్నీ కేరాఫ్ ఇచ్చినవే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. స్వీడన్ ప్రభుత్వం 1985 నుంచి 1991 దాకా శరణార్థులను ఒక్కచోట గుమిగూడనీయకుండా దేశమంతా పంచింది. ఎడిన్, ఫ్రెడ్రిక్సన్, ఓస్లుండ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ లెక్కలు తీసి 2003లో ప్రచురించారు. చదువు తక్కువున్నవాళ్ళు తమవాళ్ళ నడుమ ఉన్నచోటే ఎక్కువ సంపాదించారని తేలింది. అయితే ఆ 'తమవాళ్ళు' ఎంత నిలదొక్కుకున్నవాళ్ళయితే లాభం అంత ఎక్కువ. కేరాఫ్ పెద్దమనిషికి తెలిసింది ఒక్క సాంచానే అయితే, ఆయన చూపే దారీ అక్కడికే.

పని ఇప్పించినవాడే సేటు ఇచ్చిన బాకీకి పూచీ. కూలి చాలక ఇంకో కార్ఖానాకు పోదామంటే ముందు పోయేది ఆ పెద్దమనిషి పరువు. ఆ మొహమాటంలో ఏళ్ళు గడిచిపోతాయి. పిల్లల సంగతి ఇంకా కష్టం. బొంబాయి దాదర్ బడులను పరిశీలించి కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ 2006లో ఒక విషయం బయటపెట్టారు. కులం పట్టుతో దొరికే కూలిపనులు కళ్ళముందు ఉన్న కుటుంబాలు కొడుకులను మరాఠీ మీడియంలోనే ఉంచాయి. ఆ పట్టు అందని ఆడపిల్లలు ఇంగ్లీషు మీడియం వైపు నడిచారు. తండ్రికి అన్నం పెట్టిన బలగమే కొడుకు కాలికి బంధమైంది. నన్నడిగితే ఈ ప్రశ్నకు జవాబు తరంలో ఉంది. మొదటి తరానికి వాడ కావాలి, రెండో తరానికి వాడలోంచి బయటికి తలుపు కావాలి.

షోలాపూర్ మాట చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడ మన ఆడవాళ్ళు తరాలుగా బీడీలు చుడుతున్నారు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పొద్దంతా వంగిన మెడ. గుంపుగా ఉండబట్టే వాళ్ళు సంఘం కట్టగలిగారు, ఓటుకు విలువ తెచ్చుకోగలిగారు. కార్మిక నేత నర్సయ్య ఆడం నాయకత్వంలో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ కార్మిక మహిళలకు 10,000 ఇళ్ళు లేచాయి. తర్వాత అక్కడే రే నగర్‌లో 30,000 ఇళ్ళ పథకం వచ్చింది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరిలో అప్పగించారు. చెల్లాచెదురుగా ఉంటే ఇది జరిగేదా?

దుబాయి సోనాపూర్ క్యాంపునూ ఇలాంటి వాడే అనుకుంటారు కొందరు. కాదు. ఒక్క గదిలో అంచె మంచాల మీద మనవాళ్ళే ఉండవచ్చు, కానీ అక్కడ పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, బడి లేదు, వీసా కఫీల్ (పూచీ ఉన్న యజమాని) చేతిలో ఉంది. కంపెనీ కూర్చిన గుంపు అది. ఒప్పందం తీరితే మంచం ఇంకొకరిది.

మళ్ళీ పిల్లల చదువు దగ్గరికి వస్తే, సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. అమ్మ భాషలో అక్షరం దొరకడం గొప్పే. ఆ పైన ఏముందన్నది సారు ఎప్పుడూ అడిగేవారు. ఆడవాళ్ళు చెప్పిందంతా రాసినంక, కింద తన మాటగా ఒక్క వాక్యం చేర్చేవారు: పిల్లగాడు బడికి పోతున్నడా, ఏ తరగతి? చాలామంది జవాబు రాయలేదు. భీవండి నుంచి ఒకతను మాత్రం రాశాడు: 'సార్, తెలుగు బడి ఏడు దాకనే. ఇప్పుడు నాతోటి సాంచా మీదికి వస్తున్నడు.' సారు ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. మరునాడు నాతో కొత్త కవరు తెప్పించి, అక్కడికి మరాఠీ హైస్కూలు ఎంత దూరమో కనుక్కొని రాయమని అడిగారు.