మెడికల్ సీటు వచ్చింది సరే, వార్డులో మన సంగతేంటి?

నేను ఇప్పుడు ఒక గవర్నమెంట్ హాస్పిటల్లో హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ ఉన్నాయి, వీడియోలో కనిపిస్తూనే ఉంటాయి. దాచే అలవాటు లేదు.

ఈ మధ్య ఒక ఫస్ట్ ఇయర్ అమ్మాయి మెసేజ్ పెట్టింది. తనకి పోలియో వల్ల ఒక కాలు బలహీనం. "అక్కా, డిసెక్షన్ హాల్లో రెండు గంటలు నిలబడలేకపోతున్నా. స్టూల్ అడగాలంటే భయంగా ఉంది. అడిగితే నువ్వు డాక్టర్ కోర్సుకి పనికిరావు అంటారేమో" అని. అడిగేది ఒక స్టూల్. భయపడేది సీటు గురించి. ఈ రోజు మాట్లాడేది ఆ భయం గురించే.

ముందు ఒక మాట. దీన్ని చాలామంది "రాయితీ" అంటారు. నాకు ఆ పదం నచ్చదు. రాయితీ బస్ పాస్‌కి ఇస్తారు. ఇది వెసులుబాటు. చదవాల్సింది అదే, పాసవ్వాల్సిన మార్కులూ అవే. చేసే పద్ధతి మాత్రమే మారుతుంది.

ఇది దయతో ఇచ్చేది కూడా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. గవర్నమెంట్ కాలేజీల్లో 5 శాతం సీట్లు అన్న సంగతి అందరికీ తెలుసు. కానీ కాలేజీ తన మీద మోయలేని భారం పడనంత వరకు అవసరమైన మార్పులు చేయాలని కూడా అదే చట్టం చెప్తోంది. ఈ రెండో భాగం మనకి ఎవరూ చెప్పరు. 2021లో రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. స్క్రైబ్ లాంటి వెసులుబాటుకి 40 శాతం వైకల్యం దాటాలన్న షరతు పెట్టకూడదు అని. 2024 అక్టోబర్‌లో, మాటలో ఇబ్బంది ఉన్న ఒక ఎంబీబీఎస్ అభ్యర్థి కేసులో, శాతం చూసి మాత్రమే సీటు కాదనకూడదు, ఆ మనిషి కోర్సు చేయగలడా లేదా చూడాలి అంది. 2025లో "రెండు చేతులూ పూర్తిగా ఉండాలి" అనే పాత రూల్‌ని తప్పుపట్టింది.

మన సదరం సర్టిఫికేట్ చూడండి. దాని మీద శాతం ఉంటుంది. నాకు వార్డులో ఏది కష్టమో, ఏది సులువో ఆ అంకె చెప్పదు. అది మనమే చెప్పుకోవాలి.

నా సంగతి చెప్తాను. స్టెతస్కోప్ పెట్టుకోవాలంటే హియరింగ్ ఎయిడ్ తీయాలి. తీస్తే గుండె చప్పుడు సరిగా వినపడదు. సెకండ్ ఇయర్‌లో ఒక సార్ అందరి ముందు, "వినపడని వాళ్లకి స్టెత్ ఎందుకమ్మా" అన్నారు. ఇప్పుడు నేను వాడేది ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్. శబ్దాన్ని పెంచి బ్లూటూత్‌లో నేరుగా హియరింగ్ ఎయిడ్‌కి పంపుతుంది. ఫోన్ స్క్రీన్ మీద ఆ శబ్దం గీతలా కనిపిస్తుంది కూడా. మర్మర్ ఫస్ట్ సౌండ్ తర్వాత వస్తోందా, సెకండ్ తర్వాతా అన్నది కంటితో చూస్తాను. నా ఫ్రెండ్స్ కూడా డౌట్ వస్తే నా ఫోన్ అడిగి తీసుకుంటున్నారు!

అసలు కష్టం ఆపరేషన్ థియేటర్. అందరికీ మాస్కులు. పెదవులు కనపడవు, ఏసీ హోరు ఒకటి. అక్కడ నేను అడిగింది రెండే. ఆ రోజు కేసు ప్లాన్ ముందే బోర్డు మీద రాయడం, నాతో మాట్లాడేటప్పుడు ముందు నా పేరు పిలవడం. ఖర్చు సున్నా. రౌండ్స్‌లో ఫోన్లో లైవ్ క్యాప్షన్ యాప్ పెట్టుకుంటాను. తెలుగు కూడా పర్వాలేదు, మందుల పేర్ల దగ్గర మాత్రం నవ్వొచ్చేలా రాస్తుంది, కాబట్టి డోసు ఎప్పుడూ కేస్ షీట్‌లో చూసుకుంటాను.

పేషెంట్లకి ముందే చెప్పేస్తా, "అమ్మా, నాకు వినికిడి తక్కువ, నా వైపు చూసి చెప్పండి" అని. ఒక పెద్దావిడ "మా ఆయనకీ ఇంతే డాక్టరమ్మా" అని గట్టిగా అరిచి చెప్పింది. ఆమె మలబద్ధకం సంగతి వార్డు మొత్తానికీ తెలిసిపోయింది. అరవక్కర్లేదండీ, ముఖం కనిపిస్తే చాలు.

"వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు డాక్టర్ ఎలా అవుతారు" అని అడిగేవాళ్లకి నేను డాక్టర్ మేరీ వర్గీస్ గురించి చెప్తాను. వెల్లూరు సీఎంసీలో డాక్టర్. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద భాగం పనిచేయలేదు. చేతులు బాగానే ఉన్నాయి కదా! వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి సర్జరీలు చేశారు. తర్వాత వెల్లూరులో రిహాబిలిటేషన్ విభాగాన్ని నిలబెట్టారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా ఈ చట్టాలేవీ లేని రోజుల్లో. అలాగని అందరూ అన్ని బ్రాంచీలూ చేయగలరని నేను అనను. కానీ ఏది చేయగలరో తేల్చాల్సింది చేయించి చూసి, గేటు దగ్గర మనిషిని చూసి కాదు.

సరే, ఎలా అడగాలి? నోటితో అడిగితే నోటితోనే మర్చిపోతారు. రాసివ్వండి, పోస్టింగ్ మొదలవ్వకముందే. అందులో జబ్బు పేరు, శాతం రాసి ఆపేయకండి. పని రాయండి. "నేను అరగంట కంటే ఎక్కువ నిలబడలేను, డిసెక్షన్ హాల్లో, రౌండ్స్‌లో ఒక స్టూల్ కావాలి" అని. ప్రిన్సిపాల్ పేరు మీద రాసి, ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద సీల్, నంబర్ వేయించుకోండి. క్లర్క్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

పరీక్షలకైతే ఇంకా ముందే. కేంద్రం గైడ్‌లైన్స్ ప్రకారం గంటకి 20 నిమిషాలు అదనం, అంటే 3 గంటల పేపర్‌కి ఒక గంట. 2021 నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి సెంటర్లో ఆ గంట ఇవ్వకుండా పేపర్ లాగేసుకున్నారు. సుప్రీంకోర్టు తప్పు జరిగిందని ఒప్పుకుంది, ఆమెకి జరిగిన నష్టాన్ని సరిచేసే దారి చూడమని కూడా చెప్పింది. కానీ మళ్లీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. హక్కు ఉన్నా ఆ రోజు హాల్లో ఇన్విజిలేటర్‌కి తెలియకపోతే ఏమవుతుందో చూశారుగా. ఆర్డర్ కాపీ హాల్ టికెట్‌తో పాటు జేబులో ఉండాలి.

క్లాస్‌మేట్స్ కూడా వింటున్నారు కదా, మీకొకటి. అడగకుండా వీల్‌చైర్ నెట్టకండి. రౌండ్స్‌లో సార్ అడిగిన ప్రశ్న మాకు వినపడకపోతే చిన్నగా రిపీట్ చేయండి. ఆన్సర్ చెప్పక్కర్లేదు, అది మేం చూసుకుంటాం.

కాలేజీ కదలకపోతే గవర్నమెంట్ కాలేజీల్లో ఫిర్యాదుల ఆఫీసర్ ఉండాలి, అది చట్టం. అక్కడా పని జరగకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయొచ్చు. లాయర్ అక్కర్లేదు.

ఆ ఫస్ట్ ఇయర్ చెల్లి లెటర్ రాసి నాకు పంపింది, పేజీన్నర. నేను ఐదు లైన్లకి కుదించాను. వచ్చే ఎపిసోడ్‌లో వైవా గురించి మాట్లాడదాం, నత్తి ఉన్నవాళ్లకి టైమ్ ఎలా అడగాలో. ఉంటానండి.