మూలమున్న గ్రంథము మరల పుట్టును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సమయమున నేను ఏ పురాణమును గూర్చియో, కావ్యమును గూర్చియో ప్రసంగింతునని తాము తలచియుందురు. నేడెత్తుకొన్న విషయము వేఱు. మన గ్రంథాలయపు లాప్‌టాపు ఒక మరమ్మత్తు దుకాణమునుండి సర్వము తుడిచివేయబడి తిరిగివచ్చిన సంగతి తామెఱుగుదురు. మీట నొక్కినచో, ఆపరేటింగ్ సిస్టము లేదని నల్లని తెరపై ఒక వాక్యము మాత్రము కనబడెను. యంత్రము చచ్చినదని కొందఱనిరి. పోయినదంతయు మరల వచ్చునని కొందఱనిరి. రెండును నిజము కావు. ఏది పోయినదో, ఏది పోలేదో విడదీసి చెప్పుటయే నేటి నా పని.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమి? గుంటూరు మిరపయార్డునకు టిక్కీలు తోలిన రైతులకు దీనిని సులభముగ చెప్పవచ్చును. అక్కడ రైతు సరుకును, వర్తకుని సొమ్మును రెండును ఉన్నను, నడుమ కమీషన్ ఏజెంటు నిలిచి బేరము నడిపించును. అట్లే యంత్రమునకును, మనము వ్రాతలకు లెక్కలకు వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని జరిపించునది ఆపరేటింగ్ సిస్టము. అది లేని లాప్‌టాపు ఏజెంటు లేని కొట్టు వంటిది. పని ఆగినది గాని కొట్టు కూలలేదు.

దానిని మన ఊరి యువకులు ఒక పూటలో మరల స్థాపించిరి. విధానమిది. పనిచేయుచున్న మఱియొక కంప్యూటరున, మైక్రోసాఫ్టువారి సొంత వెబ్‌సైటునుండి విండోస్‌ను 8 జీబీకి తక్కువ కాని పెన్‌డ్రైవులోనికి దింపవలెను. ఆ పెన్‌డ్రైవులో పూర్వమున్నదంతయు చెరిగిపోవును గనుక ఖాళీదానినే వాడవలెను. దానిని తుడిచిన లాప్‌టాపునకు తగిలించి, యంత్రమును తెరచిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మొదలగు మీటలలో ఆ తయారీదారు ఏర్పఱచినదానిని నొక్కి, పెన్‌డ్రైవునుండి ఆరంభింపుమని ఆజ్ఞాపింపవలెను. విండోస్ 10తోనో 11తోనో అమ్మబడిన యంత్రమైనచో, అదే తరగతి విండోస్‌ను స్థాపించి ఇంటర్నెట్ కలిపిన పిమ్మట సాధారణముగ అనుమతి తనంతట వచ్చును. మరల సొమ్ము చెల్లింపనక్కఱలేదు.

విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11నకు 4 జీబీ మెమరీయు, 64 జీబీ నిల్వయు, టీపీఎం 2.0 అను భద్రతా భాగమును కావలెను. ఇవి లేని పాత యంత్రములను పాఱవేయనక్కఱలేదు. 1991లో ఫిన్‌లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు ఉచితముగ దొరకును. తెలుగున పలుకు లినక్సును 2005లో మన తెలుగుగడ్డపై ‘స్వేచ్ఛ’ సంస్థవారు వెలువరించిరి.

ఇట్లు మరల స్థాపించుట యెట్లు సాధ్యమైనది? మూలము వేఱొకచోట భద్రముగ నుండుటచేత. నన్నయ భారతమున ఆరణ్యపర్వమును నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి ఆరంభించెను. మిగిలిన భాగమును, అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన పూరించెను. మన సీమ కవి ఆ పని చేయగలిగినది ప్రతిభచేత మాత్రమే కాదు. వ్యాసుని సంస్కృత మూలము చెడక నిలిచియుండుటచేత గూడ. ఆపరేటింగ్ సిస్టమునకు అట్టి మూలము తయారీదారులకడ నుండును. మన వ్రాతలకు మూలమెక్కడ నున్నది?

మన లాప్‌టాపునందు మూడు వస్తువులుండెను. పుస్తకముల జాబితా, చందాదారుల లెక్క అను రెంటికిని కాగితపు రిజిస్టరులు బీరువాలో నుండెను. ఇరువురు విద్యార్థులును నేనును కూర్చుండి వానిని మరల ఎక్కించితిమి. మూడవది, ఊరి వృద్ధులచేత పాడించి పట్టిన కలుపుపాటలు. అవి ఆ యంత్రమున తప్ప వేఱొకచోట లేవు. పాడినవారిలో ఇద్దఱు నేడు లేరు. ఆ పాటలు ఏ వెబ్‌సైటునుండియు దిగవు.

తుడుపులోను భేదమున్నది. సాధారణముగ చెరుపుట గ్రంథసూచికను చించుట వంటిది. బీరువాలో పుస్తకములు ఇంకను ఉండును. అప్పుడు క్రొత్తగ నేమియు వ్రాయక నిపుణునకు చూపినచో కొంత దక్కవచ్చును. క్రొత్త సిస్టమును స్థాపించుట పాత పుస్తకములను లాగివేసి ఆ అరలలో క్రొత్తవి కుక్కుట వంటిది. నేటి ఎస్ఎస్‌డీలలో చెరిపినది త్వరలోనే నిజముగ మాసిపోవును గనుక ఆశ మఱియు తక్కువ. కావున స్థాపనకు ముందే, కావలసినదేదైన మిగిలినదా యని విచారింపవలెను. మేమును అట్లు చూపించిన పిమ్మటనే స్థాపించితిమి; పాటలు దొరకలేదు.

మఱియొక చిక్కున్నది. డీటీపీ కేంద్రములలో అను ఫాంట్లతో కూర్చిన పాత వ్యాసములను, ఆ ఫాంట్లు లేని క్రొత్త సిస్టమున తెరచినచో అర్థములేని ఆంగ్లాక్షరములు కనబడును. వ్యాసము చెడలేదు, ఫాంట్లు పెట్టినచో తెలుగు తిరిగివచ్చును. 1991లోనే తెలుగక్షరములకు స్థానమిచ్చిన యూనికోడులో వ్రాసినచో ఈ బెడద యుండదు. తరతరములకు దాచు వ్రాతలకు అదియే క్షేమము.

1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను తరతరములుగ కాపాడినది. కాగితమును కాపాడ నేర్చిన ఈ ప్రాంతమువారికి ఫైలును కాపాడుట కష్టము కాదు. ఒక ప్రతి యంత్రమున, ఒక ప్రతి వేఱొక హార్డ్‌డిస్కున, ఒక ప్రతి ఊరి వెలుపల నుండవలెను. పత్తి విత్తనము మరల దుకాణమున దొరకును. తగులబడిన పత్తి దొరకదు.

పాటలు వచ్చిన అవ్వలు మన ఊర ఇంకను ఉన్నారు. మిరపకోతలు ముగిసి తీరిక చిక్కినంతనే వారి గొంతులను పట్టి, పట్టిననాడే మూడుచోట్ల దాచుటకు యువకులు పూనుకొనవలెనని ప్రార్థించుచున్నాను.