లెక్క తెలిసిన ఇంజినీరు

బీటెక్‌తో పాటు ఎంబీఏ కూడా పూర్తిచేసిన మీకు, అప్పోసొప్పో చేసి చదివించిన మీ అమ్మానాన్నలకు నా మనఃపూర్వక అభినందనలు.

మనకు దగ్గర్లోనే, హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. తొలి రోజుల్లో టీకాల కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ పరిశోధన కొంతకాలం అక్కడ సాగింది. 1993లో ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు జీవశాస్త్రవేత్త కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. అప్పట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి రావాల్సిందే, డోసుకు వందల రూపాయలు పోయాల్సిందే. ఆయన ఒమన్ విదేశాంగ మంత్రి యూసఫ్ బిన్ అలవీని ఒప్పించి పెట్టుబడి తెచ్చారు. 1997లో శాంతా వారి హెపటైటిస్-బి టీకా శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది, విదేశీ టీకా ధరలో కొద్ది భాగానికే. కూలి చేసుకునే తల్లి తన బిడ్డకు వేయించగలదా అన్న లెక్క మొదటి నుంచీ ఆయన మనసులో ఉంది. నేను ఆయనకు చేతులు జోడించేది అందుకే.

అదే 1997లో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూనే, వారాంతాల్లో షికాగో వెళ్ళి చదివి ఎంబీఏ ముగించారు. ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే.

ఇప్పుడు ఇంజినీరింగూ లెక్కా రెండూ కావాల్సిన చోటుకు, మన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు వద్దాం. సీఎన్‌సీ మెషీన్ల మీద పెద్ద కంపెనీలకు జాబ్‌వర్క్ చేసే చిన్న షెడ్డు. సరుకు పంపి బిల్లు వేశాక, డబ్బు చేతికి రాకపోయినా జీఎస్టీ కట్టాలి. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. అయినా మూడు నెలలు దాటినా రాని బాకీలు ఎన్నో. ఈలోగా జీతాలు, కరెంటు బిల్లు, ఇనుము కొనుగోలు అన్నీ చేబదుళ్ళతోనే.

బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ ఆ యజమాని దగ్గర ఉంది. ఏ పార్టీ ఎన్నాళ్ళకు డబ్బిస్తోందో పాత ఖాతాల్లోంచి లాగి, వచ్చే నెల ఏ వారం చేతిలో పైసా ఆడదో ముందే చెప్పే మనిషి లేడు. కొన్న కంపెనీ ఒప్పుకుంటే బిల్లును ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్ డిస్కౌంటింగ్ వేదికలో పెట్టి ముందుగానే డబ్బు తెచ్చుకోవచ్చని చెప్పి, దగ్గరుండి చేయించే మనిషీ లేడు. దానికి కోడ్ రాయడమూ రావాలి, బ్యాలెన్స్ షీటు చదవడమూ రావాలి. మీకు రెండూ వచ్చు.

పోచారంలోనో, హైటెక్ సిటీలోనో ఆఫర్లు వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళండి. జాయినింగ్ డేటుకు ఇంకా వ్యవధి ఉంది కదా, ఈలోపు నాచారంలో ఒక షెడ్డుకు వెళ్ళి లెక్కలు చూసిపెడతామని అడగండి. యజమాని ముందు టీ తెప్పిస్తారు. ఆ తర్వాత రావాల్సిన బాకీల చిట్టా తీసి మీ ముందు పెడతారు.